పెట్టిన చేయి, చాచిన చేయి
కర్నూలు, కడప కథోలిక మేత్రాసనముల సేవాచరిత్ర

రాయలసీమ రైతు ఆకాశమును చూచినంతగా మఱి యే సీమ రైతును చూడడేమో! నైరృతి ఋతుపవనము పడమటి కనుమలకు ఆవలనే తన బరువును దించుకొని, తేలికపడిన మబ్బులతో ఈ నేలపై సాగిపోవును. ఈశాన్యపు వానలు తూర్పుతీరమును తడిపి, ఇచ్చటికి వచ్చునప్పటికి అలసిపోవును. కర్నూలు, కడప మండలములలో సాలుకు కురియు వాన 600, 700 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. అదియు ఒక యేడు కురిసి, మఱుయేడు మొగము చాటుచేయుట కలదు. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడి కొంతకాలము తేమను పట్టియుంచును. ఎఱ్ఱనేలలకు ఆ భాగ్యమును లేదు. అందుచేతనే ఈ సీమ ముసలివారి జ్ఞాపకములలో రాజుల పేర్లకంటె కరువుల పేర్లు ఎక్కువగా నిలిచినవి.

ఇట్టి నేలపై దానధర్మములు కొత్తవి కావు. చెఱువు త్రవ్వించుట, చలిపందిరి వేయించుట, బాటసారికి అంబలి పోయుట తెలుగువారు తరతరములుగా ఎఱిగిన ధర్మములే. కాని ఒక సంస్థ ఒకే నేలపై దీర్ఘకాలము నిలిచి, పేదలలోనెల్ల పేదలకు సేవచేయ బూనినప్పుడు ఒక ప్రశ్న పుట్టును. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టినంతమాత్రమున సేవ ముగిసినదా? రేపును, ఎల్లుండియు వాడు చేయి చాచుచునే యున్నచో, పెట్టినవాని గొప్పతనము నిలిచినదే కాని, వాని దైన్యము తీరినదా? కర్నూలు, కడప కథోలిక మేత్రాసనముల సేవాచరిత్రను ఈ ప్రశ్నతో చదివినచో దానిలో ఒక క్రమము కనబడును.

మేత్రాసనమనగా ఒక బిషపు పాలనలోనుండు కథోలిక మండలము. దానిలోని చిన్నభాగములకు విచారణలని పేరు. ఒక్కొక్క విచారణకు ఒక గురువు ఉండును. పల్లెపల్లెకు ఉపదేశి యుండును. పెక్కుచోట్ల కన్యస్త్రీల మఠమొకటి ఉండును. ఈ చరిత్రలో కానవచ్చు బడులు, వసతిగృహములు, మందుశాలలు అన్నియు ఈ కట్టుబాటుమీద నిలిచినవే.

కాషాయధారులు

క్రైస్తవమతము ఈ సీమకు ఆంగ్లేయుల రాజ్యముతో వచ్చినదని తలచువారు కలరు. అది సరికాదు. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభముననే పుదుచ్చేరినుండి ఫ్రెంచి జెసూట్ గురువులు లోనాడునకు వచ్చిరి. పుంగనూరు, కృష్ణాపురము మున్నగు చోట్ల వసించి, కాషాయము ధరించి, మాంసము మాని, తెలుగు నేర్చి, ఈ దేశపు సన్యాసులవలె మెలగిరి. వారివలన కొన్ని రెడ్డికుటుంబములు ఆ మతమున చేరెను. యుద్ధములకును, క్షామములకును తాళలేక అట్టి కుటుంబములు పెక్కు గుంటూరు సీమకును, చెంగల్పట్టు ప్రాంతమునకును తరలిపోయెను. 1773లో రోమునగరమున జెసూట్ సంఘమే రద్దుకాగా ఇచ్చటి పనికి పెద్దదిక్కు లేకపోయెను. 1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి అప్పగించునాటికి మిగిలినది చెదరిన కొన్ని కుటుంబముల భక్తి మాత్రమే. బడి, వైద్యశాల మొదలగు సంస్థారూపమైన సేవ ఇంకను మొదలుకాలేదు. దానిని ఒక మహాక్షామము పిలుచుకొని వచ్చెను.

ధాత నామ సంవత్సరము

1876లో వానలు తప్పెను. అది ధాత నామ సంవత్సరము. మఱుసటి యేడును అదే గతి. అప్పటికే సుంకేసులవద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి కర్నూలు, కడప కాలువను పాఱించి యుండిరి. కాని ఆ నీరు అందిన పల్లెలెన్ని, అందనివెన్ని! 1871 జనాభాలెక్కలలో కర్నూలు మండలమున 9 లక్షలకు పైగా జనముండిరి. 1881 లెక్కలనాటికి 7 లక్షలకు లోపే మిగిలిరి. అనగా నలుగురు ఉన్న చోట ముగ్గురే మిగిలిరి. తక్కినవారిలో కొందఱు వలసపోయియుందురు, ఎక్కువమంది మన్నైరి.

ప్రభుత్వము కరువుపనులు పెట్టకపోలేదు. అయితే ఖర్చు తగ్గింపవలెనను పట్టుదలతో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పనిచేయువానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై స్వల్పముగా కొంత పైకమును చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ ఆ కూలి మనిషిని బ్రదికించుటకు చాలదని వాదించెను. వాదము కాగితములపై సాగుచుండగా కంకరకుప్పలవద్ద కూలీలు కూలిపోయిరి.

ఇచ్చట ఇంకొక చిక్కును చెప్పవలెను. కరువుకాలమున అన్నము పెట్టినవాడు తన మతమునుకూడ ఇచ్చినచో, పుచ్చుకొన్నవాడు ఆకలికి లోబడెనా, విశ్వాసమునకు లోబడెనా? ఈ సందేహము ఆనాటి మిషనరీలకును లేకపోలేదు. ఒంగోలులోని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువపనిలో ఒక భాగమును గుత్తకు పట్టి వేలమందికి కూలి చూపెను. ఆ పనులు జరిగినంతకాలము ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. కరువు సడలిన తరువాత 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది ఆయన సంఘమున చేరిరి. వ్యవధి నిచ్చుటతో సందేహము పూర్తిగా తీరెనని చెప్పుట కష్టము. కాని పెట్టిన చేయి బదులుగా ఏమియు అడుగరాదను నియమము సేవకు మొదటిపాఠమని ఆయన గుర్తించినట్లు స్పష్టము. తరువాతి కాలమున సేవాసంస్థలన్నియు ఈ కొలబద్దకు నిలువవలసియే వచ్చెను.

బడియు, మందును

కథోలికుల పక్షమున తెలుగునాట ఈ భారమును వహించినవారు మిల్‌హిల్ గురువులు. 1866లో హెర్బర్ట్ వాన్ లండను చేరువ మిల్‌హిల్‌లో స్థాపించిన మిషనరీ సంఘమిది. ఆ సంఘమువారు 1875లో, అనగా మహాక్షామమునకు ఒక్కయేడు ముందు, మద్రాసు అగ్రపీఠము క్రిందనున్న తెలుగు మిషనుకు వచ్చిరి. కరువు విడిచిన పిదప అనాథలైన పిల్లలు మిగిలిరి. వారికి తిండి పెట్టవలెను. తిండి పెట్టిన పిల్లలను ఊరక కూర్చుండబెట్టలేరు గదా! అనాథశాలకు ప్రక్కనే బడి పుట్టుట ఆనాటి మిషనుల వాడుక. ఆ బడిలో మెఱుగుగా చదివిన పిల్లవాడు పెద్దవాడై పల్లెకు పోయి ఉపదేశియు, ఉపాధ్యాయుడు నయ్యెను. పగలు అక్షరములు, రాత్రి జపములు అతని పని. 1854 నాటి విద్యావిధాన పత్రము స్వచ్ఛంద సంస్థల బడులకు సర్కారు సహాయద్రవ్య మిచ్చు పద్ధతిని తెచ్చియుండుటచే ఇట్టి బడులు నిలద్రొక్కుకొనెను.

నేటి విద్యార్థులకు ఈ బడుల విలువ తెలియవలెనన్న ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. ఆ కాలమున మాల, మాదిగ పిల్లలకు ఊరిబడిలో చోటు లేదు. అరుగు క్రింద నిలుచుండి వినుటకుకూడ పెక్కుచోట్ల అనుమతి లేదు. పల్లెలోనే, వారి గుడిసెల నడుమనే వెలసిన తాటాకుల పాక వారికి మొదటిబడి. అందులో నేర్చిన నాలుగక్షరములు, అప్పుపత్రముమీద వ్రేలిముద్ర వేయుటకు ముందు దానిలో నేమున్నదో చదువుకొను శక్తి నిచ్చెను. ఇది సామాన్యమైన శక్తి కాదు.

నాలుగైదు తరగతులు ముగిసినపిదప పెద్దబడి పట్టణమున నుండెడిది. పల్లెపిల్లవాడు అచ్చట ఎవరియింట నుండగలడు? అందులకై ఏర్పడినవే బోర్డింగులు. ఒక చాప, ఒక పళ్లెము, ఒక రేకుపెట్టె, రెండుపూటల సంగటి. ఈ స్వల్పమైన ఏర్పాటే ఎందఱో బాలబాలికలను పశువుల మందనుండి పాఠశాలకు తెచ్చినది. సీమలోని పాతతరపు ఉపాధ్యాయులలోను, దాదులలోను మిషను బోర్డింగు మెట్లెక్కినవారు కలరు.

మందు విషయమున తెలుగునాడు ఒక విదుషీమణిని స్మరింపవలెను. ఆస్ట్రేలియాలో వైద్యవిద్య ముగించిన మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. కన్యస్త్రీల సభలో చేరెను. కన్యస్త్రీలు వైద్యవృత్తి చేయుట నాటి శ్రీసభ నియమములకు ఒప్పినది కాదు. రోమునుండి ప్రత్యేకానుమతి పొంది ఆమె రోగులను చూచెను. 1943లో భారతదేశపు కథోలిక వైద్యశాలల సంఘమును నెలకొల్పెను. పరదా చాటునను, పురిటియింటను వైద్యుని కంటబడక ప్రాణములు విడుచు స్త్రీలకు స్త్రీయే వైద్యురాలై వచ్చుట ఎంత ఊరటయో చెప్ప నక్కఱలేదు. మఠమును ఆనుకొని ఒక చిన్న మందుశాల, అందులో దాదిపని నేర్చిన కన్యస్త్రీ యొకతె యుండు పద్ధతి తెలుగునాటి విచారణలలో వ్యాపించెను.

ఒకే యేటి రెండు నామకరణములు

1928 ఈ సీమకు ముఖ్యమైన సంవత్సరము. ఆ యేడు నవంబరులో నంద్యాలలో జరిగిన సభలలో చిలుకూరి నారాయణరావుగారి సూచనపై దత్తమండలములకు రాయలసీమ యను పేరు నిలిచెను. ఒకరు మఱియొకరికి దత్తము చేసిన నేల యను చిన్నతనము ఆ నామముతో తొలగెను. అదే యేడు జూలైలో మద్రాసు అగ్రపీఠమునుండి విడివడి నెల్లూరు మేత్రాసన మేర్పడెను. మిల్‌హిల్ సభకు చెందిన విలియం బౌటర్ దానికి తొలి బిషపై, 1970 వఱకు సుమారు నాలుగు దశాబ్దములు పాలించెను. సీమలోని విచారణలకు మద్రాసుకంటె నెల్లూరు దగ్గఱయే యైనను, నల్లమల, వెలికొండల కీవలనున్న పల్లెలకు అదియును దూరమే.

స్వాతంత్ర్యము వచ్చిన తొలియేండ్లలోనే సీమను మరల కరువు పట్టెను. 1952లో ప్రభుత్వము గంజికేంద్రములు నడిపెను. సైనికులు వచ్చి బావులు లోతుచేసిరి. గంజి ఆనాటి ప్రాణము నిలిపినది. బావి తరువాతి యేటికిని మిగిలినది. ఈ తేడా చూచినవారికి ఒక పాఠమై యుండవలెను.

1967

1967 జూన్ 12న కర్నూలు మేత్రాసనము వేఱుగా నేర్పడెను. కర్నూలు, అనంతపురము మండలములు దానిలోనివి. జోసెఫ్ రాజప్ప తొలి బిషపు. దీనికి రెండున్నర నెలల ముందు, మార్చి 26న, ఆఱవ పౌలు పాపుగారు ప్రజాభ్యుదయమును గూర్చి ఒక విశ్వలేఖ ప్రకటించి యుండిరి. అభివృద్ధి యనగా ధనము పెరుగుట మాత్రమే కాదనియు, ప్రతి మానవుడును, మానవుని ప్రతి యంశమును వికసింపవలెననియు దాని సారము. దానికి వెనుక 1965లో ముగిసిన రెండవ వాటికన్ మహాసభ యున్నది. లోకపు దుఃఖము శ్రీసభ దుఃఖము కావలెనని ఆ మహాసభ తీర్మానించెను. ఈ భావములు పుస్తకములలో ఆరకముందే పుట్టిన మేత్రాసనము కర్నూలుది. పాత మేత్రాసనములు క్రొత్తగా నేర్చుకొనవలసినదానిని ఇది పసితనముననే వినెను.

కాలముకూడ అట్టిదే. 1965, 1966 సంవత్సరములలో దేశమంతట వానలు తప్పెను. అమెరికాలో 1954లో చేసిన పి.ఎల్. 480 చట్టము క్రింద ఓడలకొలది గోధుమలు మనరేవులకు వచ్చుచుండెను. అందులో కొంతభాగము కాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ అను సంస్థద్వారా మేత్రాసనములకు చేరెడిది. 1962లో ఏర్పడిన కారితాస్ ఇండియా దేశములోని కథోలిక సహాయమునంతయు ఒకత్రాటిపైకి తెచ్చెను. జర్మనీదేశపు విశ్వాసులు ఉపవాసకాలమున మిగిల్చిన సొమ్ముతో 1958లో పుట్టిన మిజెరియోర్ వంటి సంస్థలు పేదదేశములలో బావులకును, శిక్షణాలయములకును ధనమిచ్చెను.

కొఱ్ఱన్నము, జొన్నరొట్టె, రాగిసంగటి తినెడు సీమకు గోధుమనూకయు, పాలపొడియు వింత వస్తువులు. మొదట వానిని ఊరక పంచిరి. ఊరక పంచుటలోని కీడు త్వరలోనే తెలిసెను. వరుసలో నిలుచుండుటకు మనిషి అలవాటుపడును. పంచువానిచుట్టు చేరి పొగడువారు పుట్టుదురు. బండి రాని నాడు పల్లె మరల పస్తుండును. అందుచేత పంపకము పనితో ముడిపడెను. గట్టు వేసినవానికి, చెఱువుపూడిక తీసినవానికి, బావి త్రవ్వినవానికి దినమునకు ఇంత నూక, ఇంత నూనె. దీనినే పనికి ఆహారమని యందురు.

బావిని గూర్చి రెండుమాటలు చెప్పవలెను. సీమలో భూమి గలవాడు వేఱు, నీరు గలవాడు వేఱు. నాలుగెకరముల మెట్ట యున్న పేదవాడు వేరుసెనగ విత్తి మబ్బులవంక చూచును. అదే నేలలో బావి పడినచో కపిల కట్టి, తరువాత ఇంజను పెట్టి, రెండవపంట తీయును. రెండవపంట వచ్చిననాడు అతడు కోటకో, బెంగుళూరుకో కూలికి వలసపోడు. వలసపోకున్న వాని పిల్లలు బడి మానరు. ఒక బావినుండి ఇన్ని ఫలములు పుట్టును. రొట్టెముక్క యొక్కపూటది, బావి తరములది. సేవాసంఘములు ఈ సత్యమును పట్టుకొన్ననాడు దానము అభివృద్ధిగా మాఱెను.

1976 అక్టోబరు 19న నెల్లూరునుండి విడివడి కడప మేత్రాసన మేర్పడెను. కడప, చిత్తూరు మండలములు దానిలోనివి. సోమవరపు అబ్రహాము అరుళయ్య తొలి బిషపై 2002 వఱకు నడపెను. పాత బడులు, బోర్డింగులు, మందుశాలలతోపాటు, స్త్రీల పొదుపుసంఘములు, కుట్టుపని శిక్షణ, పల్లె ఆరోగ్యకార్యకర్తలు మొదలగు క్రొత్తపనులు ఈ కాలపు సేవాసంఘములలో ప్రవేశించెను. 1990 దశకమున పొదుపుసంఘములను ప్రభుత్వమే పెద్దయెత్తున చేపట్టెను. సంస్థ మొదలిడిన పని రాజ్యపు పని యగుట సంస్థకు ఓటమి కాదు, ఫలసిద్ధి.

ఇదే నేలపై, శ్రీసభ వెలుపల సాగిన ఒక ప్రయత్నమును పోల్చి చూడవచ్చును. స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెసూట్‌గా మనదేశమునకు వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడువద్ద రైతులచేత బావులు త్రవ్వించెను. 1968లో దేశము విడువవలసివచ్చి, మఱుసటి యేడు తిరిగివచ్చి అనంతపురము చేరెను. 1970లో జెసూట్ సంఘమును వీడి, గ్రామీణాభివృద్ధి సంస్థను నడపి, 2009లో కన్నుమూసెను. వేషము వేఱైనను ఆయన పట్టుకొన్నదియు నీటినే, బడినే, ఆడువారి సంఘమునే. ఈ నేల ఎవరికైనను నేర్పు పాఠ మొక్కటియే కాబోలు!

పోలూరు బాలుడు

సేవ ఫలించెనో లేదో లెక్కపుస్తకములు చెప్పలేవు. మనుష్యులు చెప్పుదురు. నేటి నంద్యాల ప్రాంతములోని పోలూరులో 1961 నవంబరు 15న ఒక దళితకుటుంబమున పూల ఆంథోని జన్మించెను. ఏడవతరగతి ముగిసినపిదప బీదతనముచే ఆ బాలుడు చదువు మానవలసివచ్చెను. సీమపల్లెలలో వేలమంది పిల్లల కథ అంతటితో ముగిసినదే. ఇతని విషయమున మిషనరీలు చేయూత నిచ్చి చదువు సాగించిరి. 1992లో ఆయన కడప మేత్రాసనమున గురువయ్యెను. బీదపిల్లలకును, వృద్ధులకును దూరదేశపు దాతల తోడ్పాటును చేర్చు ఒక కార్యక్రమమునకు అచ్చట సమన్వయకర్తగా పనిచేసెను. ఒకనాడు చేయూత నందుకొన్న బాలుడు, నేడు ఏ పిల్లవాని చదువు ఆగిపోనున్నదో వెదకు కుర్చీలో కూర్చుండెనన్నమాట. 2008లో కర్నూలు బిషపు, 2020 చివర హైదరాబాదు అగ్రపీఠమునకు నియుక్తుడు, 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యెను. తెలుగువారిలో తొలి కార్డినల్, దళితులలోను తొలి కార్డినల్ ఆయనయే. 2025 మే నెలలో పాపుగారిని ఎన్నుకొన్న సభలో ఆయనయు ఒకరు.

ఆయన కర్నూలు బిషపుగా నుండగనే 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరమును ముంచెను. శతాబ్దములుగా నీటికై ఏడ్చిన ఊరు నీటిలో నిలిచి ఏడ్చెను. అట్టి నాడు వరుసలు కట్టించి అన్నము పెట్టవలసినదే. అభివృద్ధి పేరు చెప్పి ఆకలిని వాయిదా వేయరాదు. పాతదానమును క్రొత్తసేవ త్రోసివేయలేదు; దానికి దాని వేళను చూపినది.

తీరని బాకీ

ఈ చరిత్రలో వెలుగు మాత్రమే యున్నదనుట సత్యము కాదు. సీమ కథోలికులలో ఎక్కువమంది మాల, మాదిగ కులములనుండి వచ్చినవారు. గుడిలో కులము మాయలేదు. దేశములో పెక్కుచోట్ల కూర్చుండు తావులలోను, శ్మశానములలోను అది కనబడెను. భారత కథోలిక బిషపుల సమావేశమే 2016లో ప్రకటించిన దళితాభ్యుదయ విధానపత్రమున ఈ దోషమును ఒప్పుకొని, దానిని తొలగింప బూనెను. ఇతరులకు సేవచేయు సంస్థ తన యింటి అన్యాయమును మొదట చూడవలసి యున్నది.

రెండవది చట్టమునకు సంబంధించినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది వర్తించెను. క్రైస్తవులైన దళితులకు వర్తింపలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1970లో వారిని వెనుకబడిన తరగతుల 'సి' విభాగమున చేర్చి నూటికి ఒకవంతు రిజర్వేషన్ ఇచ్చెను. 2022లో కేంద్రప్రభుత్వము ఈ విషయమును పరిశీలించుటకు న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషనును నియమించెను. మతము మాఱినంతనే వెలి పోవునా యను ప్రశ్నకు ఇరుపక్షముల వాదములును కలవు. పల్లెలో రెండుగ్లాసుల పద్ధతి పాటించువాడు మాత్రము ఎదుటివాని మతమేమని అడుగడు.

మూడవది ధనము. విదేశవిరాళములను క్రమపఱచుటకు 1976లో వచ్చిన చట్టము 2010లోను, 2020లోను మఱింత బిగిసెను. దూరదేశపు సొమ్ముపై నిలిచిన పనులకు ఇది పరీక్షాకాలము. స్థానికులు తమ కాళ్లపై నిలిపిన పనులే ఈ పరీక్షకు ఆగును. పూర్వపు బోర్డింగులలో చదివి ఉద్యోగములు పొందినవారు తమ పల్లెలోని ఒక్కొక్క పిల్లవాని చదువును మోసినచో, ఏ చట్టమును ఆ సేవను ఆపజాలదు.

ఉపాధ్యాయులకు ఈ సంగతి క్రొత్తది కాదు. మంచి గురువు శిష్యుని చేయిపట్టి అక్షరము దిద్దించును, ఎల్లకాలము పట్టుకొనడు. ఒకనాడు మెల్లగా విడుచును. ఆ పసిచేయి వణకుచునే తన పేరు తాను వ్రాయును. కరువుసీమలో అనాథశాలతో మొదలై బడికి, బావికి, సంఘమునకు నడచిన ఈ దీర్ఘసేవలో మేలైన భాగమంతయు అట్లు విడిచిన చేతులదే. చాచిన చేయి పెట్టిన చేయిగా మాఱిననాడే పలకమీది పాఠము పూర్తియైనట్లు.